పలక మీద విమానం

మా చిన్నాయన పోయిన సంగతి నాకు మూడో పీరియడ్‌లో తెలిసింది. ఎనిమిదో తరగతి పిల్లలకు పీడనం పాఠం చెబుతున్నాను. క్లాసులో ఉన్నప్పుడు ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టడం నా అలవాటు. అది మూడుసార్లు బల్లను గీరుతూ కదిలాక తీసి చూశాను. చిన్నమ్మ. బడి వేళలో ఫోన్ చేసే మనిషి కాదు ఆమె. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"మీ చిన్నాయన పోయినాడు పాపా. పొద్దున్నే టీ తాగినాడు. గ్లాసు కింద పెట్టినాడు. అంతే," అంది.

ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు. హెడ్‌మాస్టరు గారికి చెప్పి, గిద్దలూరు బస్టాండుకు వచ్చి, మార్కాపురం బస్సెక్కి టికెట్ తీసుకునేదాకా బాగానే ఉన్నాను. ఆ రోజు గురువారం. కంభం దాటాక గుర్తొచ్చింది, ఆదివారం వస్తానని ఆయనకు మాటిచ్చానని. అప్పుడు వచ్చింది ఏడుపు. పక్క సీట్లో ఎవరో పెద్దామె నీళ్ల సీసా మూత తీసి నా చేతికిచ్చింది.

చిన్నాయన పేరు చెప్పినా మీకు తెలియదు, అందుకే చెప్పడం లేదు. మా నాయన తమ్ముడు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడు. మొదట రాయి కోసే దగ్గర, తర్వాత పలకలకు చెక్క చట్రాలు బిగించే దగ్గర. మీరు చిన్నప్పుడు రాతి పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లయితే, దాని చట్రం ఆయన చేతుల మీదుగానే వచ్చి ఉండవచ్చు. చిన్నమ్మదీ అదే ఫ్యాక్టరీ. తయారైన ప్రతి పలకనూ తడిగుడ్డతో తుడిచి, దుమ్ము లేకుండా చేసి పెట్టెలకెత్తడం ఆమె పని. ముప్పై ఏళ్లు అదే చేసింది.

చిన్నాయన ఏనాడూ విమానం ఎక్కలేదు. కానీ ఏడు విమానాలు కట్టాడు. ఆ ఏడింటిలో ఒక్కటీ ఇప్పుడు లేదు. నేను రాస్తున్నది వాటి గురించే. ఎనిమిదోదాని గురించి కూడా.

ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతి పలకలు అడిగేవాళ్లు తగ్గిపోయాక, ఆ ఫ్యాక్టరీ మూతబడింది. ఆఖరి రోజున యజమాని స్టోరుగది తలుపు తెరిచి, ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుపొమ్మన్నాడట. ఒకరు రేకులు తీసుకున్నారు, ఒకరు తక్కెడ తీసుకున్నారు. చిన్నాయన ఒక అట్టపెట్టెను చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. ఎప్పుడో పరదేశం నుంచి పలకలు కొనడానికి వచ్చిన ఒక వ్యాపారి, యజమాని కొడుక్కిచ్చిన కానుక అది. ఆ అబ్బాయి తెరవనైనా తెరవలేదు. పెట్టె మీద ఎగురుతున్న విమానం బొమ్మ. లోపల సన్నటి చెక్క రేకులు, ఉల్లిపొరలాంటి కాగితం, విమానం ఎలా కట్టాలో గీసి మడతపెట్టిన నమూనా కాగితం.

చిన్నమ్మ నెత్తి కొట్టుకుంది. "ఊరంతా పనికొచ్చేవి తెచ్చుకునింటే, ఈ మనిషి ఆడుకునేది తెచ్చుకున్నాడు," అని వారం రోజులు ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది.

నేను అప్పుడు బీఎడ్ పూర్తి చేసి ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ వాళ్లింట్లో ఉండేదాన్ని. కోపం ముక్కు మీద ఉండే రోజులు. ఇప్పుడు మాత్రం ఎక్కడికి పోయిందంటారు నా బడి పిల్లలు. నమూనాలో రాతంతా ఇంగ్లీషు కాబట్టి చదివి చెప్పే పని నా నెత్తిన పడింది.

"లీడింగ్ ఎడ్జ్ అంటే ఏంది పాపా?"

"ముందు అంచు, చిన్నాయనా."

"అట్ల చెప్పు మరి. ముందంచు, ఎనకంచు. దీనికి ఇంగిలీషెందుకు?"

ఆ తర్వాత ఇంగ్లీషు పేరు ఒక్కటి కూడా మిగలనివ్వలేదు. రెక్కలో అడ్డంగా వచ్చే సన్నటి ముక్కలు ఎముకలయ్యాయి. మధ్యభాగం మొండెం, ముందు తిరిగేది పంకా. పెట్టెలో వచ్చిన చెక్క, బాల్సా, ఒక్కటే బాల్సాగా మిగిలింది, ఆ చెట్టు మా వైపు లేదు కాబట్టి. ఆ చెక్క ఎంత తేలికంటే, చేతిలో పెట్టినా పెట్టినట్టు ఉండదు. చిన్నాయన అరచేతులు రాయితో కాయలు కాచి ఉండేవి, ఆ తేలిక ఆయన చేతికి తెలిసేది కాదు. అందుకని ప్రతి ముక్కనూ కళ్లు మూసుకుని చెంప మీద ఆనించి చూసేవాడు. "ఇది రెక్కకు. ఇది బరువు, మొండేనికి," అని వేరు చేసి పెట్టేవాడు. నేను నవ్వితే, నా చెంప మీద కూడా రెండు ముక్కలు పెట్టి చూపించాడు. నిజంగానే తేడా తెలిసింది.

నమూనాను పూర్తిగా విప్పితే ఒకవైపు చెదలు తినేసి ఉంది. కుడి రెక్క లేదు. "ఇంక దీన్ని పారేయ్ చిన్నాయనా," అన్నాను.

"ఒక రెక్క ఉంది గదా. రెండోది దాన్ని తిరగేస్తే వస్తాది," అన్నాడు.

నమూనాను మెత్తని చెక్క మీద పరిచి, గుండుసూదులతో పుల్లలు నిలబెట్టి అతికించాలని అందులో రాసి ఉంది. వాళ్లింట్లో మెత్తని చెక్క ఎక్కడిది? మంచమంత పొడవున్న పలకరాయి ఒకటి పెరటి వరండాలో ఉండేది. దాని మీద బలపంతో ఎడమ రెక్క గీశాడు, దాన్నే తిరగేసి కుడి రెక్క గీశాడు. గీతల మీద పుల్లలు పేర్చాడు. సూదులు దిగవు కాబట్టి పుల్లలకు అటూ ఇటూ పలక ముక్కలు బరువు పెట్టాడు. బంక రాయికి పట్టుకోకుండా అతుకుల దగ్గర కొవ్వొత్తి రుద్దాడు. కొలతలు రాసుకోవడానికి పలక మీద ఇంకెక్కడా చోటు లేక, రెక్క మధ్యలో, ఎముకల సందుల్లో చిన్న చిన్న అక్షరాలతో రాసుకున్నాడు. ఆఖరికి వంకర పోకుండా పైన ఇంకో సన్నటి పలకను బోర్లించాడు. బంక ఆరేదాకా దాన్ని ఎవరూ ఎత్తకూడదు.

మొదటిసారి చిన్నమ్మ ఆగలేక ఎత్తి చూసింది. సగం ఎముకలు పై పలకకు అంటుకుని లేచొచ్చాయి. చిన్నాయన తిట్టలేదు. లేచొచ్చిన ఎముకలను ఒక్కొక్కటిగా ఒలిచి మళ్లీ పేర్చుకున్నాడు. "రెండు తిట్టినా బాగుండేది పాపా," అని చిన్నమ్మ నాతో వాపోయింది. అప్పటి నుంచి ఆయన "ఇంక ఎత్తు" అనేదాకా ఆమె ఆ పలక జోలికి పోయేది కాదు. ఆయన కూడా ఎత్తే పని ఎప్పుడూ ఆమెకే వదిలేవాడు.

కాగితం అతికించడం ఆయనకు కొత్త కాదు. ఏటా చర్చి మీద కట్టే క్రిస్మస్ నక్షత్రం ఆయన చేసిందే. పెట్టెలో వచ్చిన కాగితం ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతోంది కాబట్టి, నక్షత్రానికి కొనే దుకాణానికే వెళ్లాం. ఆ దుకాణం భాయి ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఏంది అన్నా, నక్షత్రానికి ఇంకా చానా నెలలుంది గదా?"

"నక్షత్రం కాదు భాయ్. విమానం."

"కాగితం విమానమా! నన్ను మాత్రం ఎక్కమని అడగొద్దన్నా," అంటూ భాయి గాలిపటాల కాగితంలో అన్నిటికన్నా పల్చనిది వెతికి ఇచ్చాడు.

గంజితో అతికించాక కాగితం మీద నీళ్లు చిలకరించాలి. ఆరుతూ అది బిగుసుకుని డోలు తోలులా అవుతుంది. ఇస్త్రీ చేసేవాళ్లు నోట్లో నీళ్లు పోసుకుని బట్టల మీద ఊదుతారే, అట్లా ఊదాడు చిన్నాయన. అంతవరకు బాగుంది. తొందరగా ఆరుతుందని రెక్కను మే నెల ఎండలో పెట్టాడు. మార్కాపురం ఎండ సంగతి మీకు తెలియకపోతే ఆ రెక్కను అడగాలి. ముగ్గురం భోంచేసి వచ్చేసరికి నూనెలో వేసిన అప్పడంలా మెలితిరిగి ఉంది. చిన్నాయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మనకు ఎండ ఎక్కువ, ఓపిక తక్కువ," అని మళ్లీ పుల్లలు కోయడం మొదలుపెట్టాడు. రెండో రెక్క నీడన ఆరింది.

తర్వాత్తర్వాత ఆయనకు ఊపిరి అందడం తగ్గింది. రాతి దుమ్ము లోపల పేరుకుందని డాక్టరు చెప్పాడు. నాలుగో విమానం నుంచి నీళ్లు ఊదే పని చిన్నమ్మ తీసుకుంది. మొదట్లో పనికిమాలిన ఆట అని సణిగిన మనిషే, నోటి నిండా నీళ్లు పట్టి, కళ్లు పెద్దవి చేసి, రెక్క మీద మంచు పడ్డట్టు సమంగా ఊదేది. ఆయన పక్కన కూర్చుని, "ఇక్కడ ఇంకొంచెం," అని వేలితో చూపించేవాడు. వాళ్లిద్దరి గురించి తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

మొదటి విమానాన్ని పలక ముక్కల దిబ్బల అవతల బయలులో ఎగరేశాం. పంకాను తిప్పే రబ్బరును మెలితిప్పి వదిలాడు. అది నిట్టనిలువుగా లేచి, ఒక్క క్షణం ఆగి, తోక కిందికి వేసి పడింది. గరిమనాభి సరిగ్గా లేదని నేను పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పాను. చిన్నాయన సాంతం విన్నాడు. విని, కింద పడున్న పలక ముక్కల్లో గోరంతది ఏరి, విమానం ముక్కుకు మైనంతో అంటించాడు. రెక్క కింద రెండు వేళ్లు ఆనించి ఎత్తి చూశాడు. ఇంకో ముక్క ఏరాడు. మళ్లీ చూశాడు. మూడోసారి వదిలినప్పుడు అది మా తలల మీదుగా చక్కగా పోయి గడ్డిలో దిగింది.

"అంతా తేలికైతే ఎగరదు పాపా. ముందర కొంచెం బరువుండాల," అన్నాడు. ఈ రోజుకీ నేను గరిమనాభి పాఠం పుస్తకంతో మొదలుపెట్టను, రెండు వేళ్లతో మొదలుపెడతాను. ఆ పాఠానికి జీతం తీసుకుంటున్నది నేను, చెప్పింది ఆయన.

మా ఇద్దరికీ ఒక్క విషయంలో గొడవ. ఒక విమానం అయిపోగానే పలక తుడిచేసి ఇంకోటి గీసేవాడు. మొదటి నమూనాను వదిలేసి, ప్రతిసారీ రెక్క కొంచెం పెంచి, తోక కొంచెం తగ్గించి, తన సొంత లెక్కతో గీసేవాడు. వాటిని కాగితం మీద ఎక్కించమని ఎన్నిసార్లు చెప్పానో. జిరాక్స్ తీయించి దాస్తానన్నాను.

"కాగితానికి చెద పడతాది. నువ్వే చూసినావు గదా. పలకకేం పడతాది?" అనేవాడు. ఆ మాటకు నాకు కోపం వచ్చేది.

ఏడో విమానం అన్నిటికన్నా మంచిది. నేను హైదరాబాదు నుంచి తెప్పించిన బాల్సాతో కట్టాడు. పోయిన శీతాకాలంలో ఒక ఉదయం వదిలాం. రబ్బరు మెలిక అయిపోయింది, పంకా ఆగిపోయింది, విమానం మాత్రం దిగలేదు. దిబ్బల మీది వేడిగాలి పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోయింది. పెద్దారవీడు వైపు చిన్న చుక్కయి, ఆ తర్వాత కనపడలేదు. నేను పొలాల్లోకి పరుగెత్తాను. రెండు రోజులు వెతికించాను. చిన్నాయన మాత్రం ఆ ఉదయం గట్టు మీద కూర్చుని, ఆయాసపడుతూ, ఆకాశం వైపే చూస్తూ నవ్వాడు. నాకు ఆ నవ్వు చూసి ఒళ్లు మండింది. ఎందుకంటే పలక అప్పటికే తుడిచేశాడు.

ఈసారి నేను గట్టిగానే అరిచాను. బడిలో నా ఎనిమిదో తరగతి అమ్మాయిలకు ఆ విమానం గురించి చెప్పాను, వాళ్ల చేత కట్టిస్తానని మాటిచ్చాను. ఇప్పుడు దేన్ని చూసి కట్టాలి? చిన్నాయన, "నా చేతికి గుర్తుంది. మళ్లీ గీస్తా. ఈసారి నువ్వు ఫోటో తీసుకో," అన్నాడు. అంతకంటే దిగిరావడం ఆయనకు తెలియదు.

గీయడానికి నెలలు పట్టింది. పది నిమిషాలు వంగితే అరగంట పడుకోవాల్సి వచ్చేది. పోయిన వారం ఫోన్ చేశాడు. "గీత అయిపోయింది పాపా. ఎప్పుడొస్తావు?" నాకు పరీక్ష పేపర్లు దిద్దే పని ఉంది. ఆదివారం వస్తానన్నాను. ఆయనది బటన్ల ఫోను, ఫోటో పంపమనడానికి లేదు. "ఆదివారమే రా. పలక యాడికి పోతాది?" అన్నాడు.

శుక్రవారం సమాధి చేశాం. పాస్టరు గారు వాక్యం చదివారు. కాగితం దుకాణం భాయి వచ్చి ఒక పిడికెడు మన్ను వేసి వెళ్లాడు. ఆ రెండు రోజులూ వచ్చేపోయే జనంలో నాకు పలక గుర్తే రాలేదు.

మూడో రోజు ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన, ఆదరణ కూడిక. ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నం మనుషులొచ్చేలోపు ఫోటో తీసుకుందామని పెరటి వరండాలోకి వెళ్లాను. పలక నల్లగా, నిగనిగలాడుతూ, ఇంకా తడిగా ఉంది. ఒక్క గీత లేదు. దాని ఒక కొసన బోర్లించి ఉన్న సన్న పలక కూడా శుభ్రంగా తుడిచి ఉంది.

చిన్నమ్మ గుమ్మంలో నిలబడింది, చేతిలో తడిగుడ్డ. జనం వస్తారని ఇల్లు కడుగుతూ కడుగుతూ ఇక్కడికి వచ్చింది. పలక మీద తెల్లగా ఏదో కనపడింది. చెయ్యి ముందుకు పోయింది.

"దీన్నొక్కదాన్నన్నా వదిలిపెట్టకూడదా చిన్నమ్మా!" అన్నాను. అనడం కాదు, అరిచాను. మొగుణ్ని మట్టిలో పెట్టి రెండు రోజులైనా కాని మనిషి మీద అరిచాను. ఈ రాతలో దాచగలిగి ఉంటే దాచేదాన్ని.

ఆమె గుడ్డ వైపు చూసుకుంది. "చెయ్యి చేసేసింది పాపా. నేను చూసేలోపలే చేసేసింది," అంది. అప్పుడు కూర్చుండిపోయి ఏడ్చింది, మూడు రోజుల్లో మొదటిసారి. నేను పక్కన కూర్చుని ఆమె చేతులు పట్టుకున్నాను. అవి ముప్పై ఏళ్లు రోజూ అదే పని చేసిన చేతులు. తప్పు వాటిది కాదు. పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్న చేతులది.

కూడిక అయింది. పాటలు పాడారు, టీలు తాగారు, వెళ్లిపోయారు. ఎండ వాలి వరండాలోకి వచ్చింది. చిన్నమ్మ గ్లాసులు సర్దుతూ సర్దుతూ ఆగింది.

"పాపా, ఒక మాట. ఆ పైనుండే పలక ఎత్తొచ్చునా?"

నాకు అర్థం కాలేదు. ఆ ఇంట్లో పలక మీద పలక ఉండటం కొత్తేమీ కాదు.

"నువ్వొచ్చేదాకా ఆగలేదులే ఆయన. బుధవారం కూర్చుని ఒక రెక్కకు పుల్లలు పెట్టినాడు. సాయంత్రం పలక బోర్లించినాడు. పొద్దున చూస్తామన్నాడు. బంక ఆరేదాకా ఎత్తొద్దు గదా. మళ్లీ ఎత్తమని చెప్పలే."

తల ఊపాను.

అటు ఆమె, ఇటు నేను పట్టుకుని ఎత్తాం. ఒక్క ఎముక కూడా లేచి రాలేదు. కింద ఎడమ రెక్క, పుల్లకు పుల్ల, ఎక్కడిదక్కడ బిగుసుకుని ఉంది. తడిగుడ్డ అక్కడిదాకా పోలేదు. ఎముకల సందుల్లో ఆయన అక్షరాలు, కొంచెం ఒరిగి: తోక రెక్కలో మూడో వంతు. మొండెం రెండు జానలు, నాలుగు వేళ్లు. ముక్కురాయి గోరంత. కాగితం నీడన. ఆఖరి సందులో, రెండోది ఇట్లనే, తిరగెయ్యాల.

ఫోటోలు తీశాను, ఒకటికి పది. తర్వాత కొనగోళ్లతో రెక్కను పైకెత్తాను. అలవాటు కొద్దీ చెంప మీద ఆనించుకున్నాను. నల్లటి పలక మీద, పుల్లలు ఉన్నంత మేరా, తెల్లటి గీతలో ఇంకో రెక్క మిగిలింది. దాని పక్కన మిగతా పలకంతా ఖాళీగా ఉంది, కుడి రెక్కకు సరిపడా.

"బలపం ఎక్కడుంది చిన్నమ్మా?"

ఆమె తేవడానికి పోలేదు. భుజం మీది తడిగుడ్డను దండెం మీదికి విసిరేసింది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, పలకకు రెండడుగుల దూరాన నిలబడింది.

"ఆ గూట్లో ఉంది. నువ్వే తీసుకో పాపా," అంది.